వైండింగ్ షాపులో గిటారు

ఫ్లెక్సీలో ఆయనకు కోటు తొడిగారు. నీలం కోటు, ఎర్ర టై. వనపర్తి బస్టాండు దగ్గర, ఒక కోచింగ్ సెంటరు ఫ్లెక్సీకీ ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీకీ మధ్యన, కన్నీటి నివాళి అన్న అక్షరాల కింద ఆయన. మొదట గుర్తుపట్టలేదు. ఆటో దాటిపోయాక మెడ తిప్పి చూశాను, అప్పటికీ అనుమానమే. చివరికి కళ్లద్దాలు పట్టించాయి. కుడివైపు కాడ విరిగితే దానికి సన్నటి రాగి తీగ చుట్టి వాడుకునేవాడు. కోటు తొడిగిన ఫోటో స్టూడియో వాళ్లు ఆ తీగను తుడిచేయడం మరిచిపోయారు.

ఆటో దిగి వెనక్కి నడిచి వెళ్లి పేరు చదివాను. మూడేళ్ల పరిచయంలో ఆ పేరు నాకు తెలియదు. ఇక్కడ రాయను కూడా. రాస్తే ఎవరో పరాయి మనిషి గురించి రాస్తున్నట్టు ఉంటుంది. నాకు ఆయన అన్న. ఊళ్లో అందరికీ వైండింగాయన.

పెబ్బేరు రోడ్డులో ఆయన షాపు. షాపు అంటే ముందు ఒక రేకుల గది, వెనకాలే ఇల్లు. కాలిపోయిన బోరు మోటార్లు బాగుచేయడం ఆయన పని. మోటారు పొట్టలో మాడిపోయిన తీగ పీకేసి, కొత్త రాగి తీగ లెక్కపెట్టి చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి ఇచ్చేవాడు. యాసంగి పంటకు నీళ్లు అందక రైతులు ఉరుకులాడే రోజుల్లో ఆ గది ముందు మోటార్లు వరసగా పడుకుని ఉండేవి. వాటి పక్కన వాటి యజమానులు చెప్పులు విప్పి, తువ్వాళ్లు పరుచుకుని కూర్చునేవాళ్లు.

మోటారు ఎందుకు కాలిందో ఆయన వాసన చూసి చెప్పేవాడు. మూత విప్పి, ముక్కు దగ్గరగా పెట్టి, కళ్లు మూసుకుని రెండుసార్లు పీల్చేవాడు. ఒక ఫేజు పోతే ఒక వాసనట, నీళ్లు లేకుండా ఉత్తిగా తిరిగితే ఇంకో వాసనట. వీపనగండ్ల నుంచి వచ్చిన రైతు ఒకాయన వోల్టేజీ పడిపోయి కాలిందని ఒట్టు పెట్టి చెబుతుంటే, ఈయన వాసన చూసి, నీళ్లు లేని బోరులో రెండు గంటలు తిప్పావు, ఫోను మాట్లాడుతూ కూర్చున్నావు అని తేల్చేశాడు. రైతు చేతిలోని ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఫోను సంగతి కూడా వాసనలో తెలుస్తుందా అని తర్వాత అడిగితే, అది మాత్రం అతని ముఖంలో తెలిసిందన్నాడు.

తీగ చుట్టేటప్పుడు మాత్రం ఆయన్ని పలకరించకూడదు. గద్వాల అవతల, కర్ణాటక సరిహద్దు ఊళ్లో పుట్టాడు. తల్లిది రాయచూరు వైపు. మాటంతా మన తెలుగే గానీ లెక్క మాత్రం తల్లి నేర్పిన కన్నడంలో నడిచేది. ఒందు, ఎరడు, మూరు అంటూ పెదాలు కదులుతుండేవి. ఎవరైనా ఏదైనా అడిగితే చూపుడు వేలు ఒకటి పైకి లేచేది, అంతే. చుట్టు పూర్తయ్యాక తల ఎత్తి, ఎవరు ఏ వరసలో అడిగారో అదే వరసలో జవాబులు చెప్పేవాడు. "రేపు రా. ఉన్నది. పెద్దబిడ్డె పెండ్లి అయింది. చాయ్ వద్దు." ఏ జవాబు ఎవరిదో మనం ఏరుకోవాలి.

అలాంటి మనిషి దగ్గరికి నేను గిటారు పట్టుకుని వెళ్లాను.

నేను బిజినేపల్లి హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఇల్లు వనపర్తిలో, రోజూ బస్సులో వెళ్లొస్తాను. మా అమ్మాయి ఇంటర్ చదవడానికి హైదరాబాద్ వెళుతూ, మోజుపడి ఆన్‌లైన్‌లో కొనిపించుకున్న ఎలక్ట్రిక్ గిటారును మంచం కింద వదిలేసి పోయింది. దుమ్ము తుడుద్దామని బయటికి తీశాను. తుడిచాక వాయిద్దామని కూర్చున్నాను. నలభై మూడేళ్లకు ఈ బుద్ధి ఎక్కడిదని మా ఆయన నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, కానీ వదల్లేదు. ఫోనులో వీడియోలు చూస్తూ నాలుగు నెలలు వేళ్లు కాయలు కాయించుకున్నాను.

ఎండలు ముదిరేసరికి గిటారుకు రెండు రోగాలు పట్టుకున్నాయి. ఒకటి, తీగ మీటితే కింద మెట్లకు తగిలి చిర్రుమనేది. రెండోది, స్పీకరు డబ్బా ఆన్ చేస్తే చాలు, గుయ్యిమని ఒకటే రొద. చవక సరుకు ఇంతే అనుకున్నాను. ఫోనులో ఇంకో గిటారు చూసి పెట్టుకున్నాను. ముదురు ఎరుపు రంగుది, మాదానికి నాలుగింతల ఖరీదు. రోజూ దాని బొమ్మ చూసుకోవడం, ఫోను పక్కన పెట్టడం. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. నేను తేల్చుకోలేకపోయింది గిటారు గురించి కాదు, నా గురించి. లోపం గిటారుదైతే కొత్తది కొనుక్కోవచ్చు. లోపం నాదైతే దీన్ని మళ్లీ మంచం కిందికి తోసేసి, ఇంకెప్పుడూ తీయనని నాకు తెలుసు. ఆ భయంతోనే కొనడానికీ చెయ్యాడలేదు, మానడానికీ మనసొప్పలేదు.

ముందు డబ్బా రొద సంగతి చూద్దామని అడిగితే, మా స్కూలు పీఈటీ సారు వైండింగాయన దగ్గరికి వెళ్లమన్నాడు. చుట్టుపక్కల చర్చీల గిటార్లు, స్పీకర్లు అన్నీ ఆయన దగ్గరికే వస్తాయట. గిటారు తీగల కింద ఉండి మోతను పట్టే పికప్పులో కూడా సన్నటి రాగి తీగే చుట్టి ఉంటుందని, మోటార్లు చుట్టే చేతికి అదేమంత కష్టం కాదని అప్పుడే తెలిసింది.

ఒంటిపూట బడి అయ్యాక వెళ్లాను. రైతుల మధ్యన, భుజాన గిటారు సంచితో, చేతిలో డబ్బాతో నిలబడితే అందరూ నాకు దారిచ్చారు. నా జబ్బు మోటారు జబ్బు కంటే పెద్దదనుకున్నారేమో. ఆయన డబ్బా ముట్టలేదు. గిటారు తీసుకుని, తిరగేసి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. రెండుసార్లు పీల్చాడు. నాకు సిగ్గేసింది, నేనేం కాల్చానో అని.

"వట్టివేరు వాసనొస్తుంది మేడం" అన్నాడు. "కూలర్ ముంగట కూసొని వాయిస్తుండ్రా?"

అవును. మా ఇంట్లో ఉన్నది ఒకే కూలరు. మార్చి నుంచి అన్నం తినడం, పేపర్లు దిద్దడం, గిటారు వాయించడం అన్నీ దాని ముందే. వాయించడం అయ్యాక గిటారును కూడా దాని ముందే గోడకు ఆనించేదాన్ని, పాపం దానికీ ఉక్కపోస్తుందన్నట్టు.

రైతులందరి ముందూ ఆయన నవ్వాడు, చాలాసేపు నవ్వాడు. ఆ తడిగాలికి కర్ర ఉబ్బి మెడ వంగిందట, అందుకే తీగలు మెట్లకు తగులుతున్నాయట. రొద సంగతికొస్తే, కూలరు మోటారు తిరిగితే పుట్టే కరెంటు గోలంతా పికప్పు పట్టుకుంటోందట. పైగా ఎండాకాలంలో ఇంటి ఎర్తింగ్ గుంత ఎండిపోయి ఉంటుంది. ఒక చిన్న ఎలన్ కీ పెట్టి మెడలోని ఇనుప కడ్డీని పావు చుట్టు వదులు చేశాడు. కర్ర సర్దుకోవడానికి రెండు రోజులు పడుతుందని, అందాక వాయించొద్దని చెప్పాడు. ఇంటికి పోయి ఎర్తింగ్ గుంతలో పిడికెడు ఉప్పు వేసి రెండు బకెట్ల నీళ్లు పోయమన్నాడు. చెమట కారినా సరే, వాయించేటప్పుడు కూలరు ఆపమన్నాడు.

అప్పుడు ఫోనులో ఎర్ర గిటారు చూపించి, దీన్ని కొనాలా వద్దా అని అడిగాను. బొమ్మను వేళ్లతో పెద్దది చేసి చూశాడు. చాలాసేపు చూశాడు. ఫోను తిరిగిస్తూ అన్నాడు.

"ఇప్పుడైతె మీ గిటారే మీకన్న ముంగటున్నది. మీరు దాన్ని దాటిపోయినంక కొనుండ్రి."

ఆయన చెప్పినట్టే చేశాను. మూడో రోజు పెరట్లో గుంతలో నీళ్లు పోసి, కూలరు ఆపి, చెమటలు కక్కుతూ తీగ మీటితే శుభ్రంగా మోగింది. గిటారు గుణం అంత మారిపోయినందుకు సంతోషించాలో, ఇక సాకు లేకుండా పోయినందుకు బాధపడాలో తెలియలేదు.

అప్పటి నుంచి వారానికి ఒకసారి బస్సు దిగి నేరుగా ఆయన దగ్గరికి పోవడం అలవాటైంది. కాలిన మోటార్ల మధ్యన ముక్కాలిపీట వేసేవాడు. నేను వాయిస్తుంటే ఆయన తన పనిలో ఉండేవాడు. తప్పు పోతే మాత్రం తల ఎత్తకుండానే 'ఊహూ' అనేవాడు. రైతులు సలహాలు ఇచ్చేవాళ్లు. మానవపాడు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, పోయినసారి కంటే ఈసారి నయమని మెచ్చుకున్నాడు. పోయినసారి ఆయన రానే లేదు.

నాకు చెవి వచ్చిందో లేదో చూడ్డానికి ఆయన ఒక పరీక్ష పెట్టేవాడు. చర్చీల నుంచి ఏదైనా మంచి గిటారు బాగుకు వస్తే, నన్ను గోడవైపు తిరిగి కూర్చోమనేవాడు. నా వెనక నా గిటారు, ఆ గిటారు మార్చి మార్చి ఒక్కో తీగ మీటి, ఏది ఏదో చెప్పమనేవాడు. పూర్తి పాట ఎప్పుడూ వాయించేవాడు కాదు. మొదటిసారి అన్నీ తప్పు చెప్పాను. "సూసిండ్రా, మీకు రెండు ఒకటే. మరి ఎందుకు కొనుడు?" అన్నాడు.

ఒకరోజు ఆయన తీగ చుడుతుండగా అడిగాను, నువ్వెప్పుడూ మంచి గిటారు కొనుక్కోలేదా అన్నా అని. వేలు పైకి లేచింది. చుట్టు పూర్తయ్యాక తల ఎత్తి, నాకంటే ముందు అడిగిన ఇద్దరికీ, నా తర్వాత అడిగిన ఒకరికీ జవాబులు చెప్పాడు. నా ప్రశ్న ఒక్కటే దాటేశాడు. ఆయన వరస తప్పడం నేను చూసింది అదొక్కసారే.

ఏడాదిన్నర గడిచింది. ఒక శనివారం గోడవైపు తిరిగి కూర్చుంటే పదికి పదీ సరిగ్గా చెప్పాను. ఎలా తెలిసిందో చెప్పలేను, మా గిటారు గొంతు కొంచెం ముందే ఆగిపోతోంది, అంతే. గర్వంగా వెనక్కి తిరిగాను. ఆయన తలగోక్కుని, చెవి వచ్చింది, చెయ్యి కూడా రానీయండి, ఇంకో ఏడాది ఆగండి అన్నాడు. నాకు కోపం వచ్చింది. పిల్లలు పాసయ్యాక పాసు మార్కులు పెంచే టీచరు ఎవరైనా ఉంటారా అని అడిగేశాను. అలిగి రెండు వారాలు షాపువైపు పోలేదు కూడా. మూడో వారం ఆయనే ఫోను చేసి, కర్నూలులో ఒక పెద్ద షాపు ఉందని, కొనకపోయినా ఒకసారి చేతిలోకి తీసుకుని చూద్దామని అన్నాడు.

ఆదివారం పొద్దున ఇద్దరం బస్సెక్కాం. ఆయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు, చంకలో వార్నిష్ మరక మాత్రం అలాగే ఉంది. దారిపొడుగునా కిటికీలోంచి ట్రాన్స్‌ఫార్మర్లు చూపిస్తూ, ఏది ఎన్ని మోటార్లు తినిందో చెప్పుకొచ్చాడు. అలంపూర్ చౌరస్తా దాటాక మాటలు తగ్గిపోయాయి.

షాపులో గోడనిండా గిటార్లు. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, దేన్నీ ముట్టుకోకుండా ఒక్కొక్కదాని ముందూ ఆగి చూశాడు. నా ఎర్ర గిటారు నిజంగానే అక్కడ ఉంది. కౌంటరు దగ్గరున్నాయన దించి నా ఒళ్లో పెట్టాడు. వాయించాను. నేర్చుకున్నదాంట్లో నాకు బాగా వచ్చినదే వాయించాను. నా గిటారు మీద ఎప్పుడూ వినిపించని తప్పులన్నీ ఆ మంచి గిటారు మీద విడివిడిగా, స్పష్టంగా వినిపించాయి. వేలు ఆలస్యంగా పడటం, సగం నొక్కిన తీగ, అన్నీ. ఇన్నాళ్లూ మా చవక గిటారు నా తప్పుల్ని దాచిపెట్టింది. దీన్ని కొంటే ఇక దాక్కోవడానికి ఏమీ మిగలదు.

గిటారు పక్కన పెట్టేసి లేచాను. ఆయన అన్న మాటే ఆయనకు అప్పజెప్పాను. "వద్దులే అన్నా. నువ్వన్నట్టే చెయ్యి రానీ. ఇంకో ఏడాది ఆగుత."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఏదో కాలిన వాసన తగిలినట్టు ముక్కుపుటాలు కదిలాయి. వచ్చి నేను లేచిన స్టూలు మీద కూర్చుని, ఎర్ర గిటారు ఒళ్లోకి తీసుకున్నాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. వాయించాడు. ఏం పాటో నాకు తెలియదు. పెళ్లి బారాత్ ఇల్లు చేరువైనప్పుడు, నడక నెమ్మదించి ఆడవాళ్లు హారతి పళ్లెం కోసం ఎదురుచూసేటప్పుడు వాయించే పాటల్లాంటిది. వార్నిష్ తిని గరుకెక్కిన ఆ వేళ్లకు అంత మెత్తదనం ఉందని ఏడాదిన్నరలో నాకు ఆయన తెలియనివ్వలేదు. కౌంటరు దగ్గరున్నాయన రాస్తున్న బిల్లు ఆపేశాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

వాయించడం ఆపి, గిటారు మీద చెయ్యి అలాగే ఉంచి, నావైపు చూడకుండా చెప్పాడు.

"గద్వాల ఆర్కెస్ట్రాల మా మాస్టర్ నాకు గిదే చెప్పిండు మేడం. ముందుగాల చెయ్యి రానియ్యి, తర్వాత కొందువు అన్నడు. నేను ఆగిన. వాళ్ల గిటార్ల మీదనే వాయించిన. ఆర్కెస్ట్రా బందయింది, మాస్టర్ పోయిండు, నేను మోటార్లల్ల పడ్డ. చెయ్యి వచ్చిందని చెప్పెటోడు లేకపాయె." గిటారు పక్కన పెట్టి, "మీకు తప్పు చెప్పిన. తప్పులు గిట్ల ఇనొస్తెనే దిద్దుకుంటరు. కొనుండ్రి" అన్నాడు.

"అన్నా, నీకు చెయ్యి వచ్చింది" అన్నాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకు నువ్వు పాసయ్యావని చెప్పడమే నా ఉద్యోగం. ఆ మాట అంత నమ్మకంగా ఎప్పుడూ అనలేదు. ఆయన చూపుడు వేలు పైకి లేపాడు. మెల్లగా దించి, బిల్లు రాయించమన్నాడు.

కొన్నాను. అది నాకెందుకు కొన్నాను, ఆయనకెందుకు కొనివ్వలేదని ఎన్నిసార్లు అనుకున్నానో. అడిగితే ఆయన కచ్చితంగా వద్దనేవాడు. అయినా అడిగి వద్దనిపించుకోవాల్సింది, అడగలేదు. ఆ బాధ ఉంది.

కానీ ఆయన దానికి తన పద్ధతిలో దారి కనిపెట్టాడు. కొన్న రెండో వారానికే, మూడో తీగ కొంచెం మెత్తగా పలుకుతోంది, సెట్టింగ్ చేయాలి, నాలుగు రోజులు వదిలిపెట్టి పొమ్మన్నాడు. నాకైతే ఏ తేడా వినిపించలేదు. వదిలిపెట్టి వచ్చాను. ఆ తర్వాతి వారం జాక్ లూజుగా ఉందన్నాడు. ఆ పైవారం మెడలో ఏదో చప్పుడన్నాడు. ఆయన కనిపెట్టే రోగాలకు అంతు లేదు, ఒకసారి చెప్పింది మళ్లీ చెప్పకుండా జాగ్రత్త కూడా పడేవాడు. నేను ఆ నాలుగు రోజులూ పాత గిటారు మీద సాధన చేసేదాన్ని. గురువారం పోయి తెచ్చుకుంటే, తళతళా తుడిచి, తీగలన్నీ శృతిలో పెట్టి ఇచ్చేవాడు. గంత మంచి గిటారు వారానికి నాలుగొద్దులు దవాఖానలనే ఉంటదేంది అని మా ఆయన ఆశ్చర్యపోయేవాడు. మంచివాటికి సేవ ఎక్కువ అని చెప్పేదాన్ని.

మొన్న ఏప్రిల్లో పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ మీద నన్ను మహబూబ్‌నగర్ వేశారు. పోయేముందు గిటారు ఆయన దగ్గరే వదిలాను. పది రోజులు రానని చెబితే, మంచిదే, ఈసారి పని జర ఎక్కువున్నదన్నాడు. పది రోజుల తర్వాత తిరిగొచ్చి బస్టాండులో ఆటో ఎక్కితే, ఫ్లెక్సీలో కోటు వేసుకుని కనిపించాడు.

ఇంటికి పోకుండా నేరుగా షాపుకు వెళ్లాను. తలుపులు వేసి ఉన్నాయి. ముందు రెండు మోటార్లు, ఎవరూ తీసుకుపోనివి, అలాగే పడి ఉన్నాయి. వెనక ఇంట్లోంచి ఆయన భార్య వచ్చింది. వదిన అంటాను ఆమెను. గుండెపోటట, దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. లోపలికి పోయి, ఉతికిన దుప్పటిలో చుట్టిన గిటారు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఇంత విలువైనది, పోగొట్టుకుంటామేమోనని పెట్టెలో పెట్టి తాళం వేశానని చెప్పింది. దుప్పటి విప్పి చూశాను. ఎక్కడా ఒక గీత లేదు. తీగలు శృతిలోనే ఉన్నాయి.

బాగైందా లేదా అన్న ఏమైనా చెప్పాడా అని అడిగాను. ఆమె చెంగుతో ముఖం తుడుచుకుని నావైపు చూసింది.

"పొద్దుమూకంగనే తలుపు జర దగ్గరికేసి కూసుంటుండె మేడం. ఏం చేస్తున్నవంటే రిపేరు అంటుండె. రిపేరు చేసెటోడు కండ్లు మూసుకొని చేస్తడా? నేను రొట్టెలు చేసుకుంట ఇంటుంటి. ఎన్నడు అడగలే."

గిటారు మళ్లీ దుప్పటిలో చుట్టాను.

"నేను గూడ అడగలే వదినా" అన్నాను.